మలక్కాలో కొన్న రివాల్వర్

2022 సెప్టెంబరు. కోవిడ్ ఆంక్షలు ఎత్తేసి సరిహద్దులు తెరిచిన కొత్తరోజులు. సింగపూర్‌కి మళ్ళీ టూరిస్టు బస్సులు రావడం మొదలైంది. వాటితోపాటు నాకూ పని మొదలైంది.

నేను ఇంటర్‌ప్రెటర్‌ని. పాతకాలంలో దుబాసీ అనేవారు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటల్లో పనికి వచ్చాడట. నేను పుట్టింది, పెరిగింది ఇక్కడే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, మార్కెట్లో మలయ్, బళ్ళో ఇంగ్లీషు. మా నాయనమ్మ నోటి తెలుగే ఇవాళ నాకు అన్నం పెడుతోంది. తెలుగు తప్ప ఇంకేమీ రానివాళ్ళు లాయరు దగ్గరికో, ఆస్పత్రికో, కోర్టుకో వెళ్ళాల్సి వస్తే నన్ను పిలుస్తారు. ఎక్కువగా పని చేసేచోట దెబ్బలు తగిలిన కూలీలు, వీసా గడువు దాటినవాళ్ళు.

ఈ పనికి గట్టి నియమాలు రెండున్నాయి. మొదటిది, చెప్పినదానికి ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీసెయ్యకూడదు. రెండోది బయటివాళ్ళకి వింతగా ఉంటుంది. దీన్ని ఫస్ట్ పర్సన్ అంటాం. ఎవరు మాట్లాడుతుంటే వాళ్ళయిపోయి మాట్లాడాలి. "ఈయన కొన్నానంటున్నాడు" అనకూడదు. "నేను కొన్నాను" అనాలి. రోజుకి నలుగురైదుగురి 'నేను'లు నా నోట్లోంచి వెళ్ళిపోతుంటాయి. సాయంత్రానికి ఏవీ గుర్తుండవు. ఒక్కటి మాత్రం ఉండిపోయింది.

తంజోంగ్ పగార్‌లో లాయరు ఆఫీసు. లాయరు మిస్ టాన్, ముప్పై అయిదేళ్ళుంటాయి, తొందరగా మాట్లాడే మనిషి. నేను వెళ్ళేసరికి బల్లకి ఇటువైపు భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఉన్నారు. ఆయన సింహాచలంగారు, అరవై రెండేళ్ళు. ఉత్తరాంధ్రలో ఒక జిల్లా పోలీసుల దగ్గర ఆర్మరర్‌గా చేసి రిటైరయ్యారు. ఆర్మరరంటే తుపాకులు విప్పి, శుభ్రం చేసి, బాగుచేసి ఇచ్చే మనిషి. ఆవిడ రమణమ్మగారు. జీవితంలో మొదటి పాస్‌పోర్టులు, మొదటి విమానం, మలేషియా సింగపూర్ ప్యాకేజీ టూరు. పిల్లల్లేరు. ఇన్నాళ్ళూ ఎటూ వెళ్ళలేదని చుట్టాలే బలవంతంగా పంపించారట.

జరిగింది ఇది. మలక్కాలో టూరు బస్సు దింపినచోట పాతసామాన్ల కొట్టు ఒకటి ఉంది. తెల్లవాళ్ళ కాలం నాణేలు, గోడగడియారాలు, ఇత్తడి బిళ్ళలు. వాటి మధ్య గాజుపెట్టెలో పాత పాయింట్ త్రీ ఎయిట్ రివాల్వర్. కలెక్షన్ పీస్ అన్నాడట కొట్టువాడు. పేలదు, ఇంట్లో పెట్టుకు చూసుకోవడానికేనన్నాడు. రమణమ్మగారు పక్కకొట్లో బుట్టలు చూస్తున్నారు. ఈయన కొని, తువ్వాల్లో చుట్టి సంచి అడుగున పెట్టారు. మర్నాడు బస్సు సింగపూర్ సరిహద్దుకొచ్చింది. సంచులు ఎక్స్‌రే యంత్రంలోకి వెళ్ళాయి. అంతే. టూరువాళ్ళందరూ బస్సెక్కి వెళ్ళిపోయారు. వీళ్ళిద్దరూ ఉండిపోయారు.

ఈ దేశంలో తుపాకి అన్న మాటే చాలు. పాతదా, పనికిరానిదా అన్నది తర్వాత సంగతి. ఆయన పాస్‌పోర్టు తీసుకున్నారు. బిషాన్‌లో ఉండే ఒక తెలుగు కుటుంబం, అంతకుముందు మొహం కూడా చూసుకోనివాళ్ళు, జామీను ఉండి, ఇంట్లో ఒక గది ఇచ్చారు. రమణమ్మగారి మీద కేసేమీ లేదు. కావాలంటే ఆవిడ ఆ రోజే ఇంటికి వెళ్ళిపోవచ్చు. "ఈయన్నొదిలేసి నేనెలా వెళ్తానమ్మా? ఇక్కడి కూడు కూడా తినలేడు," అన్నారు నాతో.

మొదటి మీటింగు సూటిగానే సాగింది, ఒక ప్రశ్న దగ్గర ఆగేవరకు. మిస్ టాన్ ఫోటోలు ముందు పెట్టారు. ప్రభుత్వ ల్యాబువాళ్ళు తీసినవి. రివాల్వర్ పక్క రేకుకి ఉన్న స్క్రూల మీద కొత్త గీతలున్నాయి. సంచిలో ఒక చిన్న స్క్రూడ్రైవరు దొరికింది.

"దీన్ని విప్పారు. ఎందుకు?" అని ఆవిడ అడిగారు. నేను తెలుగులో అడిగాను.

"ఊరికే."

"ఊరికే అంటే ప్రాసిక్యూషన్‌వాళ్ళు ఒప్పుకోరు. మీరు ముప్పై ఏళ్ళు తుపాకులు బాగుచేసిన మనిషి. కొనగానే స్క్రూడ్రైవరు పెట్టి విప్పారు. దీన్ని మళ్ళీ పేలేలా చెయ్యాలనుకున్నారనే వాళ్ళనుకుంటారు. అదే జరిగితే జైలు. నేను వాళ్ళకి రిప్రజెంటేషన్ రాయాలి. ఎందుకు విప్పారో నిజం చెప్తే రాయగలను."

రిప్రజెంటేషనంటే, కేసు కోర్టుకెక్కకముందే మా మనిషి సంగతి ఇదీ, దయచేసి ఆలోచించండి అని ప్రభుత్వ లాయర్లకి రాసే ఉత్తరం. సింహాచలంగారు ఫోటో వంకే చూస్తూ ఉండిపోయారు. రమణమ్మగారు ఆయన మోచెయ్యి పట్టి కదిపారు. "చెప్పీరాదా? ఏటుంది అందులో?" ఆయన ఫోటో బోర్లించి పెట్టారు.

లిఫ్టు దగ్గర, ఆవిడ బాత్రూముకి వెళ్ళినప్పుడు, నా పక్కకి వచ్చారు. "తల్లీ, ఈసారి ఆవిడ లేకుండా చెప్తాను. లాయరమ్మకి ఆ మాట చెప్పు."

చెప్పాను. వారం తర్వాత రెండో మీటింగు పెట్టారు. దానికి మిస్ టాన్ ఇంకొకరిని పిలిచారు. మిస్టర్ యూసఫ్, డెబ్భై దాటిన మలయ్ పెద్దాయన. ఆయనా ఒకప్పుడు ఆర్మరరే. ఇప్పుడు ఇలాంటి కేసుల్లో లాయర్లకి సలహా చెప్తారు. ల్యాబు రిపోర్టు చదివి అర్థమయ్యేలా చెప్పడానికి వచ్చారు. సింహాచలంగారు లేచి నమస్కారం పెట్టారు. యూసఫ్‌గారు ఆయన చేతులు పట్టుకుని, బొటనవేలు పక్క నల్లగా గట్టిపడ్డ చర్మం చూసి నవ్వారు. తన చెయ్యి చాపి చూపించారు. అక్కడా అలాంటిదే ఉంది. ఆ క్షణానికి నా అవసరం లేకపోయింది.

మిస్ టాన్ రమణమ్మగారిని కాసేపు బయట కూర్చోమన్నారు. నేను ఆ మాట తెలుగులో చెప్పాను. ఆవిడ కదల్లేదు.

"నేనెందుకు కూర్చోవాలి బయట? ముప్పై ఆరేళ్ళ కాపురం మాది. నేను వినకూడనిది ఈయన దగ్గర ఏటుంది?" అని నన్ను కాదు, ఆయన్ని అడిగారు.

అది క్లయింటు ఇష్టమన్నారు మిస్ టాన్. మేమందరం సింహాచలంగారి వైపు చూశాం. ఆయన బల్ల మీద వేలితో ఏదో గీశారు. చివరికి, "ఉండనియ్యండి," అన్నారు. "వినాల్సిన మనిషే."

ఆయన చెప్పినదాన్ని నేను 'నేను' అంటూ ఇంగ్లీషులో చెప్పాను. ఇక్కడ ఆయన మాటల్లోనే రాస్తున్నాను.

"మా బావమరిది పైడిరాజు. ఈవిడ తమ్ముడు. వాళ్ళమ్మ పోయాక ఈవిడే పెంచింది. ఎస్సై అయ్యాడు. మా జిల్లాలోనే పోస్టింగు. ఇరవై రెండేళ్ళ కిందట ఘాటురోడ్డు మీద గంజాయి వ్యాను ఆపాడు. అందులోంచి దిగినవాడు కత్తి తీశాడు. వీడు రివాల్వర్ తీసి నొక్కాడు. క్లిక్కుమంది, పేల్లేదు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ క్లిక్కే. మూడోది నొక్కడానికి టైము లేకపోయింది. పక్కనున్న కానిస్టేబులు చెప్పాడు ఇదంతా. ఎంక్వయిరీలో తూటాలు పాతవి, తేమ పట్టాయని రాశారు. ఈవిడకీ అందరం అదే చెప్పాం."

రమణమ్మగారు తల ఊపారు. ఇదంతా ఆవిడకి తెలిసిందే.

"దానికి రెండు వారాల ముందు ఆ రివాల్వర్ నా దగ్గరికి వచ్చింది, సాలుసరి చెకింగుకి. వాడే పట్టుకొచ్చాడు. బావా, ట్రిగ్గర్ మరీ బిగుతుగా ఉంది, గురి అదిరిపోతోంది, కాస్త తేలిక చెయ్యి అన్నాడు. రూలు ప్రకారం చెయ్యకూడదు. నేను మెయిన్‌స్ప్రింగ్ తీసి కొంచెం వంచాను."

మెయిన్‌స్ప్రింగంటే రివాల్వర్ సుత్తిని ముందుకు కొట్టించే బద్ద. అది బలంగా ఉంటే ట్రిగ్గర్ నొక్కడం కష్టం. బలం తగ్గిస్తే నొక్కడం తేలికే గానీ, సుత్తి దెబ్బ కూడా తగ్గుతుంది. తూటా వెనక ప్రైమర్ అని చిన్న మూత ఉంటుంది. దెబ్బ చాలకపోతే అది అంటుకోదు. ఇదంతా యూసఫ్‌గారు తర్వాత మిస్ టాన్‌కి కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. 

"ఎంక్వయిరీలో స్ప్రింగ్ బాగుందా అని నన్నడిగారు. బాగుందన్నాను. ఆ రివాల్వర్ ల్యాబుకి పోయింది, మళ్ళీ రాలేదు. ఎంత వంచానో నాకు గుర్తు లేదు. తర్వాత అలాంటిది ముట్టుకోలేదు, రైఫిళ్ళ పని అడిగి అటు మారిపోయాను. మలక్కాలో అదే రకం కనిపించింది. ఒక్కసారి విప్పి, స్ప్రింగ్ చేత్తో వంచి చూస్తే నా వేళ్ళకి తెలుస్తుందనుకున్నాను, ఆ రోజు ఎంత బలం తీశానో. పొద్దున్న ఈవిడ లేవకముందు హోటలు బాత్రూములో విప్పాను. లోపల స్ప్రింగే లేదు. తీసేసి అమ్మారు. ఉత్త డొల్ల."

ఇంగ్లీషులో నేను చివరి వాక్యం చెప్పేసరికి మిస్ టాన్ పెన్ను కింద పెట్టేశారు. కేసుకి ఇంతకన్నా మంచి సమాధానం ఉండదని ఆవిడకి అర్థమైంది. ఆ సంతోషం చూపించే చోటు కాదని కూడా అర్థమైంది.

రమణమ్మగారు అప్పటిదాకా ఆయన కుర్చీ చేతి మీద ఉన్న తన చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

సింహాచలంగారు యూసఫ్‌గారి వైపు తిరిగారు. "తల్లీ, ఈయన్ని ఒక్క మాట అడుగు. నేను వంచబట్టే పేల్లేదా, తూటాల వల్ల పేల్లేదా?"

ఇది కేసుకి సంబంధించింది కాదు, సమాధానం చెప్పక్కర్లేదు అన్నారు మిస్ టాన్. యూసఫ్‌గారు చెయ్యెత్తి ఆవిడ్ని ఆపారు. ఆయన నాతో కాదు, సింహాచలంగారి కళ్ళలోకి చూస్తూ మాట్లాడారు. నేను మధ్యలో కూర్చుని అటూ ఇటూ చేరవేశాను.

"వంచాక కాల్చి చూశావా?"

"చూశాను. ఆరు రౌండ్లు. ఆరూ పేలాయి."

"కొత్త రౌండ్లా, స్టేషన్లో వాళ్ళ దగ్గరుండే పాతవా?"

సింహాచలంగారు తల దించుకున్నారు. "కొత్తవి."

యూసఫ్‌గారు ల్యాబు రిపోర్టు మూసి పక్కన పెట్టారు.  తర్వాత నెమ్మదిగా, ఒక్కో వాక్యం చెప్పి ఆగుతూ, నాకు టైమిస్తూ చెప్పారు. "నీ వల్ల కాదని నేను చెప్పలేను. పాత రౌండ్లకి గట్టి దెబ్బ కావాలి. స్ప్రింగ్ పూర్తి బలంతో ఉంటే రెండింట్లో ఒకటైనా పేలి ఉండొచ్చు. పేలకపోయీ ఉండొచ్చు. నో వన్ కెన్ సే. బతికున్నవాళ్ళెవరూ చెప్పలేరు."

అక్కడ నేను ఆగాను. ఈ వృత్తిలో ఇరవై ఏళ్ళున్నాను, అలా ఎప్పుడూ ఆగలేదు. చివరి ముక్క ఒక్కటి చెప్తే చాలు. ఎవరూ చెప్పలేరు. అది అబద్ధం కాదు. మిగతాది మింగేస్తే ఆ గదిలో పట్టుకునేవాళ్ళు లేరు. మిస్ టాన్‌కి తెలుగు రాదు, యూసఫ్‌గారికి రాదు, ఎదురుగా కూర్చున్న ఇద్దరికీ ఇంగ్లీషు రాదు. ఆ మాటకి తూకం నా ఒక్కదాని దగ్గరే ఉంది. రమణమ్మగారు నా నోటివంకే చూస్తున్నారు. మా నాయనమ్మ వయసు కాదు గానీ, ఆవిడ యాసే.

అంతా చెప్పాను. "నీ వల్ల కాదని నేను చెప్పలేను," అన్నది నా నోట్లోంచే వచ్చింది.

"మళ్ళీ చెప్పమ్మా," అన్నారు రమణమ్మగారు.

మళ్ళీ చెప్పాను, మొదటి నుంచీ.

ఆవిడ భర్తని అడిగారు. "వాడే అడిగాడా, తేలిక చెయ్యమని?"

"ఊఁ."

"నవ్వుతా అడిగాడా?"

ఆయన తల ఊపారు.

"ఇరవై రెండేళ్ళు. వాడి తద్దినం రోజున నా పక్కన కూర్చుని తిన్నావు," అన్నారు ఆవిడ. గొంతు పెంచలేదు. లేచి, కొంగు సర్దుకుని, చేతిసంచి తీసుకుని బయటికి వెళ్ళిపోయారు. సింహాచలంగారు లేవబోయి, లేవలేక, మళ్ళీ కూర్చున్నారు. యూసఫ్‌గారు తన కుర్చీ జరుపుకుని ఆయన పక్కకి వచ్చి కూర్చున్నారు. భాష లేకుండా అలాగే ఉండిపోయారిద్దరూ.

మూడో రోజున రమణమ్మగారు విమానమెక్కి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు బిషాన్ ఇంటివాళ్ళ ఫోన్లోంచి నాకు ఫోన్ చేశారు.

"ఆ ముసలాయన చెప్పినదాంట్లో నువ్వేమీ తగ్గించలేదు కదా?"

"లేదమ్మా. అంతా చెప్పాను."

"మంచి పని చేశావు. ఇన్నాళ్ళూ అందరూ నాకు తగ్గించే చెప్పారు." పెట్టేశారు.

రిప్రజెంటేషన్ పనిచేసింది. స్ప్రింగు లేదు, సుత్తి ముక్కు కోసేసి ఉంది, గొట్టంలో సీసం పోసి ఉంది, అది ఇంక తుపాకి కాదని ల్యాబు రిపోర్టూ చెప్పింది. కోర్టు దాకా పోకుండా స్టెర్న్ వార్నింగ్ ఇచ్చారు, అంటే మళ్ళీ ఇలా చేస్తే ఊరుకోమని కాగితం మీద హెచ్చరిక. రివాల్వర్ ప్రభుత్వం తీసేసుకుంది. ఆ కాగితం చదివి వినిపించిందీ నేనే. ఏ మాటకీ ఆయన మొహం మారలేదు. వదిలేశారని చెప్పినప్పుడు కూడా మారలేదు. సంతకం పెట్టి, "ఇంటికెళ్తే తలుపు తీస్తుందంటావా తల్లీ?" అన్నారు. ఇంటర్‌ప్రెటర్ సలహాలు చెప్పకూడదు. నాకు చెప్పడానికి సలహా కూడా లేదు. ఆరు వారాలు దేశం కాని దేశంలో ఉండి, ఒక్కరే తిరిగి వెళ్ళారు.

ఈ సంగతి రాయాలనిపించి, ఈమధ్యే వాళ్ళకి ఫోన్ చేశాను. అడగకుండా రాయకూడదు. సింహాచలంగారే తీశారు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారట. మొదటి ఏడాది ఆవిడ మాట్లాడలేదు. వండి గిన్నెలో పెట్టి వెళ్ళిపోయేదట. ఆ తర్వాత ఒక సాయంత్రం వచ్చి ఎదురుగా కూర్చుని, వాడు రివాల్వర్ తెచ్చిన రోజు గురించి చెప్పమందట. ఎన్ని గంటలకొచ్చాడు, ఏ చొక్కా వేసుకున్నాడు, ఏం తిన్నాడు.

"పనసతొనలు తెచ్చాడమ్మా ఆ రోజు. ఇద్దరం ఆర్మరీ వెనక కూర్చుని తిన్నాం. నూనె చేతులతో తింటున్నానని నన్ను వెక్కిరించాడు. ఇవన్నీ ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు నేను. ఆ రోజు సంగతే ఎత్తకుండా బతికాను కదా. ఇప్పుడు రోజూ అడుగుతాది. చెప్పిందే చెప్తాను. విని లోపలికి వెళ్ళిపోతాది."

ఆయన ఫోన్ ఆవిడకిచ్చారు. రాయనా అమ్మా అని అడిగాను.  "రాయి," అన్నారు. "ఎవరూ తగ్గించకూడదని రాయి."

ఆ కేసుకి ముందు నేను తగ్గించేదాన్ని. పెద్ద విషయాల్లో కాదు. డాక్టరు "ఇక లాభం లేదు" అంటే "కష్టం" అనేదాన్ని. కోర్టులో తిట్టుని కోపంగా మార్చేదాన్ని. అది నా మంచితనమనుకునేదాన్ని. ఎదుటి మనిషి ఎంత మోయగలదో నేనే లెక్కగట్టి, అంతే అందించేదాన్ని. రమణమ్మగారికీ ఇరవై రెండేళ్ళు అందరూ చేసింది అదే, ప్రేమకొద్దీ. దానివల్ల ఆవిడ తమ్ముడు పనసతొనలు తింటూ నవ్విన మధ్యాహ్నం కూడా ఆవిడకి దక్కకుండా పోయింది.

ఇప్పుడు విన్నది విన్నట్టు చెప్తాను. చెప్పేటప్పుడు గొంతు వణికితే ఒక్క నిమిషం అడిగి, నీళ్ళు తాగి, మళ్ళీ చెప్తాను. ఆవిడ ఆయన్ని క్షమించారో లేదో నాకు తెలీదు. అది అడగడం నా పని కాదు, అడగలేదు.